వులిమిరి రామలింగస్వామి

వులిమిరి రామలింగస్వామి (1921 ఆగష్టు 8 - 2001 మే 28) ప్రముఖ భారతీయ వైద్య శాస్త్రవేత్త, వ్యాధి విజ్ఞాన నిపుణుడు, వైద్య విద్యావేత్త. పోషకాహార లోపం వలన కలిగే వ్యాధులపై, ముఖ్యంగా అయోడిన్ లోపంపై ఈయన చేసిన పరిశోధనలు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. హిమాలయ ప్రాంతంలోని కాంగ్రా లోయలో ఈయన నాయకత్వంలో జరిగిన దీర్ఘకాల ప్రయోగం, ఉప్పులో స్వల్పంగా అయోడిన్ కలపడం ద్వారా గాయిటర్ వ్యాధిని నివారించవచ్చునని నిరూపించింది. అయోడిన్ లోపం మెడకు మాత్రమే సంబంధించినది కాదని, అది బిడ్డ మెదడు ఎదుగుదలను, వినికిడిని, మాటను, తెలివితేటలను దెబ్బతీస్తుందని వైద్యలోకం గుర్తించడానికి దోహదం చేసినవారిలో ఈయన ఒకడు. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకునిగాను, భారత వైద్య పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్‌గాను పనిచేశాడు.

జననం, విద్యాభ్యాసం

రామలింగస్వామి 1921 ఆగష్టు 8న శ్రీకాకుళంలో జన్మించాడు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా ఏర్పడలేదు. ఆ పట్టణం నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. ఈయన విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పట్టాలు పొందాడు. తరువాత ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1951లో డి.ఫిల్. పట్టా అందుకున్నాడు. అదే విశ్వవిద్యాలయం 1967లో ఈయనకు డి.ఎస్సి. పట్టాను ఇచ్చింది.

ఈయన ఎం.డి. పట్టా రోగుల చికిత్సకు సంబంధించిన సాధారణ వైద్య విభాగంలోనిది. కాని తరువాత వ్యాధి విజ్ఞానాన్ని తన రంగంగా ఎంచుకున్నాడు. రోగిని చూచిన వైద్యుని దృష్టి, కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించే శాస్త్రవేత్త దృష్టి రెండూ ఈయన పరిశోధనలలో కలిసి కనిపిస్తాయి.

కూనూరు పరిశోధనాలయం

1947లో రామలింగస్వామి నీలగిరి కొండలలోని కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాలయంలో చేరాడు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో నడిచే ఈ సంస్థ 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు బెరిబెరి వ్యాధిపై ప్రారంభించిన చిన్న పరిశోధనా కేంద్రం నుండి ఎదిగినది. పోషకాహార లోపం వలన చర్మం, కాలేయం మొదలగు అవయవాలలో వచ్చే మార్పులపై రామలింగస్వామి అక్కడ పరిశోధనలు చేశాడు.

గాయిటర్ వ్యాధి చరిత్రలో మెకారిసన్‌కు ప్రత్యేక స్థానం ఉన్నది. ఆయన కూనూరుకు రాకముందే, 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో, వాయవ్య సరిహద్దు ప్రాంతమైన గిల్గిట్, చిత్రాల్ లోయలలో గాయిటర్ వ్యాధిని పరిశీలించాడు. ఆ లోయలలో మెడ వాచిన పెద్దలతో పాటు పుట్టుకతోనే చెవుడు, మూగతనం, బుద్ధిమాంద్యం, కాళ్ళు బిగుసుకుపోయి సరిగా నడవలేకపోవడం వంటి లక్షణాలు కలిగిన పిల్లలు కూడా ఉండేవారు. ఈ స్థితిని క్రెటినిజం అంటారు. నాడీ మండలం ప్రధానంగా దెబ్బతిన్న రకం, అవటు గ్రంథి లోపం ప్రధానంగా కనిపించే రకం అని మెకారిసన్ దీనిని 1908లో రెండుగా విభజించాడు. అయితే గాయిటర్‌కు మూలకారణం కలుషితమైన త్రాగునీరని ఆయన భావించాడు. ఈ వాదం చాలాకాలం ప్రచారంలో ఉండిపోయినది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశం నాలుగు దశాబ్దాల అనంతరం, ఆయన స్థాపించిన పరిశోధనాలయంలోనే పనిచేసిన రామలింగస్వామికి లభించింది.

1954లో రామలింగస్వామి కూనూరు వదలి ఢిల్లీలోని భారత వైద్య పరిశోధనా మండలి ప్రధాన కార్యాలయానికి వెళ్ళాడు. 1957లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో వ్యాధి విజ్ఞాన శాఖ ఆచార్యునిగా నియమితుడైనాడు.

గాయిటర్, అయోడిన్ సంబంధం

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే అవటు గ్రంథిని థైరాయిడ్ గ్రంథి అని కూడా అంటారు. ఇది థైరాక్సిన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. ఒక్కొక్క థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. శరీరం అయోడిన్‌ను తనంతట తాను తయారు చేసుకోలేదు. అది ఆహారం ద్వారా, నీటి ద్వారా అందవలసినదే. పెద్దవారికి రోజుకు కావలసినది 150 మైక్రోగ్రాములు మాత్రమే. ఈ లెక్కన 70 సంవత్సరాలు జీవించిన మనిషికి జీవితకాలమంతటికీ సరిపోయే అయోడిన్ నాలుగు గ్రాములకు మించదు.

అయోడిన్ చాలనప్పుడు థైరాక్సిన్ ఉత్పత్తి తగ్గుతుంది. దానిని గుర్తించిన పీయూష గ్రంథి అవటు గ్రంథిని మరింతగా ప్రేరేపిస్తుంది. ఫలితంగా గ్రంథి పెరిగి, మెడ దగ్గర వాపుగా కనిపిస్తుంది. ఇదే గాయిటర్. దీనినే తెలుగులో గలగండం అంటారు.

హిమానీనదాల వలన, వేల సంవత్సరాల వర్షాల వలన పర్వత ప్రాంతాల నేల పైపొర కొట్టుకుపోతుంది. దానితో పాటే అయోడిన్ నదుల ద్వారా సముద్రంలో కలుస్తుంది. అందువలన ఆ నేలలో పండిన పంటలలో, అక్కడి నీటిలో, ఆ మేత తిన్న పశువుల పాలలో అయోడిన్ తక్కువగా ఉంటుంది. కాశ్మీరు నుండి ఈశాన్య రాష్ట్రాల వరకు హిమాలయ పాదాల వెంట గాయిటర్ ఒక పట్టీవలె విస్తరించి ఉండటానికి ఇదే కారణం.

కాంగ్రా లోయ ప్రయోగం

1950లలో రామలింగస్వామి, ఆయన సహచరులు కాంగ్రా లోయను పరిశోధనకు ఎంచుకున్నారు. ఇది అప్పటికి పంజాబు రాష్ట్రంలో ఉండేది. 1966లో హిమాచల్ ప్రదేశ్‌లో కలిసింది. అక్కడి నీటిలో అయోడిన్ చాలా తక్కువగా ఉన్నదని, ప్రజల మూత్రంలో విసర్జింపబడే అయోడిన్ కూడా స్వల్పమేనని పరీక్షలలో తేలింది. రేడియోధార్మిక అయోడిన్‌ను కొద్ది మోతాదులో ఇచ్చి పరిశీలించగా, రోగుల అవటు గ్రంథులు దానిని సాధారణం కంటే చాలా ఎక్కువగా గ్రహించాయి. అనగా గ్రంథి అయోడిన్ కొరకు ఆకలిగొని ఉన్నదని అర్థం. ఈ ఫలితాలను రామలింగస్వామి బృందం 1961లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది.

కారణాన్ని గుర్తించడం ఒక ఎత్తు, నివారణను నిరూపించడం మరొక ఎత్తు. అందుకు లోయలోని సుమారు లక్షమంది జనాభా గల ప్రాంతాన్ని ఎ, బి, సి అనే మూడు మండలాలుగా విభజించారు. 1956లో జరిపిన తొలి సర్వేలో గాయిటర్ ఉన్నవారు సుమారు 38 శాతంగా తేలారు. తరువాత ఎ, సి మండలాలకు అయోడిన్ కలిపిన ఉప్పును, బి మండలానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. అయోడిన్ ఉప్పు అందుకున్న రెండు మండలాలలో ఒకదానికి పొటాషియం అయోడైడ్, మరొకదానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పును ఇచ్చారు. ఉప్పును ఎంచుకోవడానికి కారణం సులభమైనది. ధనికులు, పేదలు అనే భేదం లేకుండా అందరూ ప్రతిరోజూ దాదాపు ఒకే పరిమాణంలో తినే పదార్థం ఉప్పు ఒక్కటే. పైగా కొండప్రాంతాలకు అది బయటనుండి రావలసినదే కనుక సరఫరాను నియంత్రించడం వీలవుతుంది.

1962లో తిరిగి సర్వే చేసినప్పుడు ఎ, సి మండలాలలో వ్యాధి సగానికి, అంతకంటే తక్కువకు పడిపోయింది. బి మండలంలో ఏమాత్రం తగ్గలేదు. మూడు మండలాల ప్రజలు త్రాగే నీటిలో, పారిశుద్ధ్యంలో, ఇతర ఆహారంలో చెప్పుకోదగిన తేడా లేనందువలన ఈ ఫలితం ఉప్పులోని అయోడిన్ వలననే కలిగినదని స్పష్టమైనది. వెంటనే బి మండలానికి కూడా అయోడిన్ ఉప్పు ఇవ్వడం ప్రారంభించారు. తరువాతి సర్వేలలో అక్కడ కూడా వ్యాధి తగ్గింది. అయోడైడ్, అయోడేట్ రెండూ పనిచేస్తాయని కూడా ఈ ప్రయోగం చూపించింది. వీటిలో అయోడేట్ తేమకు, వేడికి ఎక్కువగా నిలుస్తుంది కనుక భారతదేశం వంటి ఉష్ణదేశాలకు అది అనుకూలమైనది.

బి మండలం ప్రజలకు ఆరు సంవత్సరాల పాటు అయోడిన్ ఉప్పు ఇవ్వకపోవడం నేటి వైద్య నైతిక ప్రమాణాల దృష్ట్యా చర్చనీయాంశమే. అయితే ఆ పోలికే లేకపోతే కలుషిత నీటి వాదానికి తిరుగులేని జవాబు దొరకడం కష్టమయ్యేది.

1965, 1973 సంవత్సరాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఈ ప్రయోగ ఫలితాలు ప్రచురితమయ్యాయి. రామలింగస్వామితో పాటు సూచ్, డియో, కర్మార్కర్, కొచ్చుపిళ్ళై మొదలగువారు ఇందులో పాల్గొన్నారు.

అయోడిన్, మెదడు ఎదుగుదల

కాంగ్రా ప్రయోగం మెడ వాపును కొలమానంగా తీసుకున్నది. కాని గాయిటర్ ప్రాంతాలలో అసలు నష్టం కంటికి కనిపించని చోట, గర్భస్థ శిశువు మెదడులో జరుగుతుందని క్రమంగా తెలియవచ్చింది.

గర్భం దాల్చిన తొలి మూడు నెలలలో శిశువు సొంత అవటు గ్రంథి ఇంకా పనిచేయదు. ఆ దశలో శిశువు మెదడుకు కావలసిన థైరాక్సిన్ తల్లినుండి రావలసి ఉంటుంది. నాడీకణాలు తమ తమ స్థానాలకు చేరడానికి, వాటి శాఖలు ఒకదానితో ఒకటి కలుసుకోవడానికి, నాడీతంతువుల చుట్టూ మైలిన్ పొర ఏర్పడడానికి ఈ హార్మోను అవసరం. లోపలి చెవి ఏర్పడడానికి కూడా ఇది కావాలి. తల్లికి అయోడిన్ చాలకపోతే ఈ పనులు సకాలంలో జరుగవు. ఆ కాలం దాటిపోయిన తరువాత ఎంత అయోడిన్ ఇచ్చినా నష్టం పూర్తిగా పూడదు. మెడ వాపు తగ్గవచ్చును గాని చెవుడు, మూగతనం, బుద్ధిమాంద్యం పోవు.

పాపువా న్యూగినీలో 1966లో ప్రారంభమైన ప్రయోగం దీనికి బలమైన సాక్ష్యం చూపింది. అక్కడ గర్భం రాకముందే స్త్రీలకు అయోడిన్ కలిపిన నూనెను సూది మందుగా ఇవ్వగా, వారికి పుట్టిన పిల్లలలో నాడీ సంబంధమైన క్రెటినిజం నివారింపబడింది. ఫారో, బట్‌ఫీల్డ్, హెట్జెల్ ఈ ఫలితాలను 1971లో వెల్లడించారు.

భారతదేశంలో రామలింగస్వామి ప్రారంభించిన పరిశోధనలను అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోని కొచ్చుపిళ్ళై తదితరులు ముందుకు తీసుకువెళ్ళారు. ఉత్తర ప్రదేశ్‌లోని గోండా, దేవరియా వంటి తరాయి జిల్లాలలో 1980లలో అప్పుడే పుట్టిన శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించగా, థైరాక్సిన్ తక్కువగా ఉన్న శిశువులు నూటికి అనేకమంది ఉన్నట్లు తేలింది. అయోడిన్ సమృద్ధిగా లభించే దేశాలలో ఇటువంటి లోపంతో పుట్టేవారు మూడు, నాలుగు వేలమందికి ఒకరు మాత్రమే. పూర్తిస్థాయి క్రెటినిజం కొద్దిమందిలోనే కనిపించవచ్చును. కాని పైకి ఆరోగ్యంగా ఉన్న అనేకమంది పిల్లలు చదువులో వెనుకబడడానికి, చురుకుదనం కోల్పోవడానికి అదే కారణం కావచ్చునని ఈ ఫలితాలు సూచించాయి. అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించిన 1994 నాటి విశ్లేషణ ఒకటి, తీవ్రమైన అయోడిన్ లోపం గల సమాజాలలో ప్రజ్ఞాలబ్ధి సగటున 13.5 పాయింట్లు తక్కువగా ఉంటుందని లెక్కగట్టింది.

1983లో హెట్జెల్ సూచన మేరకు గాయిటర్ అనే మాటకు బదులుగా అయోడిన్ లోప రుగ్మతలు అనే విస్తృతమైన పేరు వాడుకలోనికి వచ్చింది. సమస్య మెడనుండి మెదడుకు మారిన తీరును ఈ పేరుమార్పు తెలియజేస్తుంది.

జాతీయ కార్యక్రమం

కాంగ్రా ప్రయోగం ఆధారంగా భారత ప్రభుత్వం 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అయితే ఇది చాలా నెమ్మదిగా సాగింది. అయోడిన్ ఉప్పు తయారీ రెండు దశాబ్దాల పాటు ప్రభుత్వ రంగానికే పరిమితమై ఉండటం వలన ఉత్పత్తి అవసరానికి చాలలేదు. గాయిటర్ ప్రాణాంతకం కానందున, అది కొండప్రాంతాలకే పరిమితమనే అభిప్రాయం ఉన్నందున దానికి ప్రాధాన్యం దక్కలేదు. తరువాతి సర్వేలు మైదాన ప్రాంతాలలో కూడా అయోడిన్ లోపం ఉన్నట్లు చూపాయి.

1983లో ప్రైవేటు రంగానికి అయోడిన్ ఉప్పు తయారీకి అనుమతి లభించింది. 1986 నుండి దేశమంతటా తినే ఉప్పును దశలవారీగా అయోడీకరించడం మొదలైంది. 1992లో కార్యక్రమం పేరును జాతీయ అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మార్చారు. అయోడిన్ లేని ఉప్పును ఆహారానికి అమ్మడంపై 1998లో దేశవ్యాప్త నిషేధం వచ్చింది. దానిని 2000లో ఎత్తివేసి, 2005లో తిరిగి ప్రకటించారు. 2006 మే నుండి అది అమలులోనికి వచ్చింది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సుమారు 93 శాతం కుటుంబాలు అయోడిన్ గల ఉప్పును వాడుతున్నాయి. కాంగ్రాలో 1962లో తేలిన విషయం దేశంలోని దాదాపు ప్రతి వంటింటికి చేరడానికి అర్ధశతాబ్దం పట్టింది.

హైదరాబాదు, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలతో సంబంధం

రామలింగస్వామి తొలినాళ్ళలో పనిచేసిన కూనూరు పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలింది. 1969 నుండి అది జాతీయ పోషకాహార సంస్థగా పిలువబడుతున్నది. ఇక్కడి శాస్త్రవేత్తలు దక్కను పీఠభూమి ప్రజల వ్యాధులపై చేసిన పరిశోధనలు, పోషకాహారానికి నాడీ మండలానికి గల సంబంధాన్ని మరికొన్ని కోణాలలో చూపాయి.

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట ప్రాంతాలలో జొన్న పూర్వం ప్రధాన ఆహారం. జొన్నరొట్టె, గటక తప్ప వేరే ఆహారం అందని పేదలలో పెల్లాగ్రా వ్యాధి కనిపించేది. ఎండ తగిలే చోట్ల చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మానసిక కుంగుబాటు దీని లక్షణాలు. హైదరాబాదులో గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో దీనిపై చేసిన పరిశోధన ప్రసిద్ధమైనది. జొన్నలోని ల్యూసిన్ అనే ఆమ్లం అధికం కావడమే కారణమని వారు ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతం తరువాత చర్చకు గురైనది. క్వాషియార్కర్ వ్యాధి సోకి కోలుకున్న పిల్లలను కొన్ని సంవత్సరాల తరువాత పరీక్షించి, వారి మానసిక వికాసం తోటి పిల్లలకంటే వెనుకబడి ఉన్నదని ఇదే సంస్థ 1968లో ప్రచురించింది.

నల్గొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ కూడా గాయిటర్ వలె నేల, నీరు కారణంగా వచ్చే వ్యాధియే. కాంగ్రాలో ఒక మూలకం చాలకపోవడం వ్యాధికి కారణమైతే, నల్గొండలో గ్రానైటు శిలలనుండి భూగర్భ జలంలో కలిసే ఫ్లోరైడు ఎక్కువ కావడం కారణం. మర్రిగూడ, మునుగోడు వంటి ప్రాంతాలలో ఎముకలు వంగిపోయినవారు, వెన్నెముక గట్టిపడి వెన్నుపాముపై ఒత్తిడి కలిగి కాళ్ళు చచ్చుబడినవారు ఉండేవారు. ఈ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి ఒరిగే వైకల్యాన్ని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో వర్ణించారు. ఉప్పు ద్వారా అయోడిన్ అందించినంత తేలికగా నీటినుండి ఫ్లోరైడును తొలగించడం సాధ్యం కాలేదు. పటిక, సున్నం ఉపయోగించి నీటిని శుద్ధిచేసే నల్గొండ పద్ధతి 1970లలో రూపొందినప్పటికీ, శాశ్వత పరిష్కారానికి నదీజలాలను గ్రామాలకు తీసుకురావలసి వచ్చింది.

పరిపాలకునిగా

1969 నుండి 1979 వరకు రామలింగస్వామి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సంచాలకునిగా పనిచేశాడు. ప్రోటీను లోపం వలన కోతులలో కలిగే మార్పులు, గర్భిణులలో రక్తహీనత మొదలగు విషయాలపై ఈయన, ఈయన సహచరులు పరిశోధనలు సాగించారు.

1979 నుండి 1986 వరకు భారత వైద్య పరిశోధనా మండలి డైరెక్టర్ జనరల్‌గా ఉన్నాడు. ఈ కాలంలో భారత వైద్య పరిశోధనా మండలి, భారత సాంఘిక శాస్త్ర పరిశోధనా మండలి సంయుక్తంగా నియమించిన అధ్యయన బృందానికి అధ్యక్షత వహించాడు. అందరికీ ఆరోగ్యం అనే లక్ష్యానికి ప్రత్యామ్నాయ మార్గాన్ని సూచిస్తూ ఆ బృందం 1981లో నివేదిక సమర్పించింది. పెద్ద ఆసుపత్రులకంటే గ్రామస్థాయి ఆరోగ్య వ్యవస్థకు, పోషకాహారానికి, పేదరిక నిర్మూలనకు ప్రాధాన్యం ఇవ్వాలని అందులో సూచించారు. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయు దుర్ఘటన జరిగినప్పుడు బాధితులపై వైద్య పరిశోధనలు ఈయన ఆధ్వర్యంలోనే మొదలయ్యాయి. 1994లో సూరత్‌లో ప్లేగు వ్యాపించినపుడు ప్రభుత్వం నియమించిన సాంకేతిక సలహా సంఘానికి కూడా ఈయన అధ్యక్షుడు.

పదవీ విరమణ తరువాత ఐక్యరాజ్యసమితి బాలల నిధికి సలహాదారుగా పనిచేశాడు. 1996లో జాన్సన్, రోడ్ అనే నిపుణులతో కలిసి ఆసియా చిక్కుప్రశ్న అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం వ్రాశాడు. ఆఫ్రికాలోని పేద దేశాలకంటే దక్షిణాసియాలో బాలల పోషకాహార లోపం ఎందుకు ఎక్కువగా ఉన్నదన్నది ఆ వ్యాసంలోని ప్రశ్న. కారణం ఆహార కొరత ఒక్కటే కాదని, స్త్రీల హీనస్థితి, తక్కువ బరువుతో పుట్టే శిశువులు, పారిశుద్ధ్య లోపం ముఖ్య కారణాలని అందులో వాదించారు. బిడ్డ మేధస్సు తల్లి ఆరోగ్యంతోనే మొదలవుతుందన్న విషయం ఈ వ్యాసంలో మరొక రూపంలో కనిపిస్తుంది.

పురస్కారాలు, గౌరవాలు

1965లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి. 1969లో పద్మశ్రీ. 1971లో పద్మభూషణ్. 1976లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా ఇవ్వబడే లియోన్ బెర్నార్డ్ బహుమతి. 1979-80లో భారత జాతీయ సైన్స్ అకాడమీ అధ్యక్ష పదవి. 1986లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నిక. అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ ఈయనను విదేశీ సభ్యునిగా ఎన్నుకున్నది.

మరణం

రామలింగస్వామి 2001 మే 28న 79 సంవత్సరాల వయసులో మరణించాడు. ఆయన మరణించే నాటికి అయోడిన్ లేని ఉప్పుపై నిషేధం ఎత్తివేయబడి ఉన్నది. ఆ నిషేధాన్ని ఎత్తివేయడాన్ని వ్యతిరేకించిన వైద్యులు, శాస్త్రవేత్తలు ఆధారంగా చూపిన పరిశోధనలలో కాంగ్రా ప్రయోగం ముఖ్యమైనది. కాంగ్రా ఫలితాలు నేటికీ ప్రజారోగ్య పాఠ్యగ్రంథాలలో ఉదాహరణగా చెప్పబడుతున్నాయి.